కోటిపల్లి రైలుస్టేషను: పూర్వోత్తరములు

గౌతమీ గోదావరి యెడమగట్టున గోటిపల్లి యను గ్రామము గలదు. సోమేశ్వరాలయమును బట్టియు, స్నానతీర్థమును బట్టియు, ఆవలి యొడ్డుననున్న ముక్తేశ్వరమునకు బోవు రేవును బట్టియు నాంధ్రదేశమున దాని పేరు వినని వారరుదు. ఆ గ్రామమునకు రైలుస్టేషను గలదని యెఱిగినవారు తక్కువ. ఆ స్టేషను రెండుమాఱులు పుట్టినదని యెఱిగినవారు మఱియు దక్కువ. కాకినాడనుండి కోటిపల్లి వఱకు 45 కిలోమీటర్ల శాఖామార్గమును 1928లో వేసిరి, 1940లో పెఱికివేసిరి, 2004లో మరల వేసిరి. పండ్రెండేండ్లు బ్రతికి, అఱువదినాలుగేండ్లు లేకపోయి, పిదప దిరిగి వచ్చిన స్టేషనులు మన దేశమున నెక్కువగా గానరావు.

దీనిని గూర్చి వ్రాయబూనుట కొందఱికి వింతగా దోపవచ్చును. రాజమహేంద్రవరపు వంతెనను గూర్చియో, బెజవాడ కూడలిని గూర్చియో వ్రాసిన బాగుండునుగాని, దినమున కొక్కబండి వచ్చి పోయిన యీ చిన్న స్టేషనున నేమున్నదని యడుగవచ్చును. ఉన్నది. పెద్ద స్టేషను నెవ్వరును బెఱుకరు, చిన్నదానిని బెఱుకుదురు. దీనిని బెఱుకుట యేల యంత సులభమయ్యెనో, తిరిగి నిలుపుట యేల యంత కష్టమయ్యెనో విచారించినచో, గోదావరీముఖమునందలి యొక సీమ రాకపోకల చరిత్రము చాలవఱకు దెలియును.

మొదట పేరు సంగతి. స్థలమాహాత్మ్యము చెప్పువారు దీనిని కోటిఫలి యందురు. ఇచ్చట జేసిన స్నానదానములు కోటిగుణితమైన ఫలము నిచ్చునని తాత్పర్యము. కోటితీర్థమనియు వ్యవహారము గలదు. పల్లి యనునది తెలుగు గ్రామనామములకు సహజమైన యుత్తరపదము. తెలుగుపేరును సంస్కృతీకరించి, ఆ సంస్కృతరూపమునుండియే తెలుగుపేరు పుట్టినదని చెప్పుట మన స్థలపురాణములందు సాధారణము. ఇచ్చటను నట్లే జరిగియుండునని నా యభిప్రాయము. రైలువారు మాత్ర మీ వాదమున దలదూర్పక, జనులాడుకొను రూపమునే పలకమీద వ్రాసిరి. ఊరి పేరును స్థిరపఱచుటలో బూర్వము శాసనములు చేసిన పనిని మనకాలమున స్టేషనుపలకయు, తపాలాముద్రయు జేయుచున్నవి.

ఇక రైలు సంగతికి వచ్చుటకు ముందు నీటిదారుల సంగతి చెప్పవలెను. సర్ ఆర్థర్ కాటన్ ధవళేశ్వరముకడ గోదావరికి 1847లో నానకట్ట నారంభించి 1852 నాటికి ముగించెను. ఆ యానకట్టనుండి బయలుదేఱిన కాలువలు పొలములకు నీరిచ్చుటయే కాక పడవలకు దారులును నయ్యెను. వడ్లు, బియ్యము, కొబ్బరి, అరటి, కలప, సున్నము, తుదకు పెండ్లివారు కూడ బడవలమీదనే పోవుచుండిరి. లాకులకడ బడవలు వరుసగా నిలిచి నీరు సరియగువఱకు వేచియుండుట డెల్టాలో గడచిన తరములవారికి నిత్యదృశ్యము. కాటనుదొర తన జీవితమంతయు నొక్కవాదమును విడువలేదు: ఈ దేశమునకు రైళ్లకన్న పడవలు నడుచు కాలువలు మేలనియు, బరువును నీటిమీద మోయుట చౌకయనియు. 1878లో నింగ్లండునందు బార్లమెంటు ఉపసంఘము నెదుటను నాతడు కాలువల పక్షమునే పలికెను. దేశమంతటికి నాతని వాదము చెల్లలేదు. ఆతడు నీరుపెట్టిన డెల్టాలో మాత్రము చాలకాలము చెల్లెను.

తూర్పుతీరపు రైలుమార్గము బెజవాడకును గటకమునకును నడుమ 1893 మొదలు 1896 వఱకు భాగములుగా దెఱవబడెను. రాజమహేంద్రవరముకడ గోదావరిమీద రైలువంతెన 1900లో బూర్తియయ్యెను. ఈ పెద్దమార్గము రాజమహేంద్రవరము, సామర్లకోటల మీదుగా డెల్టా నెగువ నంచున దాటిపోయెనేకాని, దాని నడుమకు రాలేదు. సామర్లకోటనుండి కాకినాడకు దిగిన శాఖయు రేవుకొఱకే. 1901లో నీ ప్రాంతపు మార్గము మద్రాసు రైల్వే చేతికిని, 1908లో నా రైల్వే దక్షిణమహారాష్ట్ర రైల్వేతో గలియగా నేర్పడిన మద్రాసు–దక్షిణమహారాష్ట్ర రైల్వే చేతికిని వచ్చెను. ఆ కంపెనీ కాలముననే 1928లో గాకినాడనుండి దక్షిణముగా గోటిపల్లి శాఖ బయలుదేఱెను.

శాఖ కరప, వేళంగి, రామచంద్రపురము, ద్రాక్షారామము మీదుగా గోటిపల్లి చేరును. దారిలో గొండ లేదు, సొరంగము లేదు. పటముమీద జూచినవారికి సులభముగా దోచును. కాని డెల్టాలో సులభమైన దారి యుండదు. అడుగడుగున నొక పంటకాలువయో, మురుగుకాలువయో యడ్డువచ్చును. ప్రతిదానికి దూమో, వంతెనయో కట్టవలెను. నల్లమట్టి వానకాలమున నుబ్బును, ఎండకాలమున నెఱియలు విచ్చును. దానిమీద బోసిన కంకర క్రమముగా దిగబడును. కట్టను బల్లము చేసినచో వరదకు బట్టాలు మునుగును. ఎత్తు చేసినచో నీరు పోక చేలు మునుగును. అప్పుడు రైతు మొఱపెట్టును. ఇట్టి నేలమీద రైలు వేయుటకన్న దానిని బాగుచేయుచు నిలుపుకొనుటయే పెద్దవ్యయము.

ఈ మార్గమున ద్రాక్షారామముండుట శాసనపరిశోధకులకు గొంత యాలోచన గల్పింపవలెను. భీమేశ్వరాలయపు శాసనములు వందలకొలది. దక్షిణహిందూదేశ శాసనముల నాలుగవ సంపుటమున నచ్చుపడినవి. అందు నఖండదీపమునకై గొఱ్ఱెలను, గోవులను, మాడలను నిచ్చినవారి పేళ్లు తొమ్మిదివందల యేండ్లనాటివి నేటికిని జదువవచ్చును. ఆ యూరిమీదుగనే పోయిన యినుపదారి పండ్రెండేండ్లకే మాయమయ్యెను. ఱాయికిని నినుమునకును గల భేదమని నవ్వుకొనవచ్చును గాని, అసలు భేదము వేఱు. దీపము పెట్టించినవాడు తన ధర్మ మాచంద్రార్కము నడువవలెనని చెక్కించెను. రైలుకంపెనీ యే శాఖకును నట్టి మాట యియ్యలేదు. రాబడిపోకలు సరిపడినంతవఱకే దాని ధర్మము.

ఆవిరియెంజిను కాలమున శాఖామార్గపు కొసస్టేషనున నెట్టి వసతు లుండవలసి యుండెనో యిచ్చట గొంచెము చెప్పుట యవసరము. నడిమిస్టేషనున బండి నిలిచి పోవును; ఒక ప్లాటుఫారమును, ఒక గదియు జాలును. కొసస్టేషనునకు వచ్చిన యెంజిను బండితలనుండి విడివడి, ప్రక్కపట్టామీదుగా వచ్చి, తోకను దగులుకొనవలెను. అందులకు రెండవ పట్టాయు, దానికి రెండుచివరల బాయింట్లును గావలెను. ఎంజిను ముఖము త్రిప్పుటకు దిరుగుడుబల్ల యైన నుండవలెను, లేదా తిరుగుప్రయాణమంతయు నెంజిను వెనుకకే నడువవలెను. దానికి నీటితొట్టి, బొగ్గుకుప్ప, బూడిద రాల్చుటకు గుంట. సరుకుల కొక కొట్టము, ఎడ్లబండ్లు తిరుగుటకు వాకిలి. స్టేషనుమాస్టరునకును, పాయింట్లు వేయువానికిని నిండ్లు. ఈ వ్యయమంతయు నెంజినుకొఱకును, సరుకుకొఱకును. జనుల వంతునకు మిగులునది టిక్కెట్టు కిటికీయు, రేకుల కప్పుక్రింద రెండు బల్లలును, మంచినీళ్ల కుండయు, రైలుపట్టాముక్కను వ్రేలాడదీసిన గంటయును.

గడియారమును, తంతియును గూడ జెప్పవలెను. చిన్న స్టేషనులు పల్లెలకు దెచ్చిన వస్తువులలో నివి రైలుబండికి దీసిపోవు. దేశమంతటికి నొక్కటే కాలమానము 1906లో నేర్పడినది. పల్లెటూళ్లలో నది మొదట గానవచ్చినది తఱచుగా స్టేషను గోడమీదనే. అంతవఱకు జాములు, గడియలు, కోడికూతలు. రైలు తంతికి గ్రామస్థుల వార్తలను గూడ బుచ్చుకొను నాచారమున్నందున, తంతికచ్చేరి లేని యూళ్లకు స్టేషనే తంతికచ్చేరి యయ్యెను. మరణవార్త యైనను, ధాన్యపుధర యైనను నా గదిలోని టకటక ధ్వనితోడనే వచ్చుచుండెను.

రైలుకంపెనీలకు బ్రయాణికులవలన వచ్చు రాబడిలో నధికభాగము మూడవతరగతివారిదే. వసతులలో వారికి దక్కినది తక్కువభాగము. గాంధీమహాత్ముడు 1917లో మూడవతరగతి ప్రయాణమును గూర్చియే యొక చిన్నపుస్తకము వ్రాయవలసి వచ్చెను. తీర్థస్థలముల స్టేషనులకు నీ చిక్కు మఱియు నెక్కువ. ఏడాదిపొడవున నించుమించు ఖాళీగా నుండి, శివరాత్రికో, కార్తికసోమవారమునకో, పుష్కరమునకో యొక్కమాఱుగా నిండు స్టేషనునకు నే లెక్కప్రకారము వసతి కట్టవలెను? సగటులెక్కకు గట్టిన బర్వదినమున జాలదు. పర్వదినపు లెక్కకు గట్టిన దక్కినదినములందు బాడుపడును. కంపెనీలన్నియు సగటులెక్కనే యెన్నుకొనెను. పర్వదినమున జనులు పడిన పాట్లు పుణ్యములో జమకట్టబడెను.

పుష్కరముల లెక్కతో నీ స్టేషను ఆయువును గొలిచి చూచినచో విచిత్రమొకటి తెలియును. బృహస్పతి సింహరాశిని బ్రవేశించినపుడు గోదావరికి బుష్కరము. 1928కిని 1940కిని నడుమ వచ్చినది 1932 నాటిది యొక్కటియే. 1944 నాటి పుష్కరమునకు నాలుగేండ్లు ముందుగనే పట్టాలు పోయినవి. 2003 నాటి పుష్కరము గడచిన మఱుసటియేట నవి తిరిగి వచ్చినవి. ఆ రెండును గలిపి యాఱు పుష్కరములు రైలులేకయే జరిగిపోయినవి. రెండవజన్మమున మొదటి పుష్కరము 2015 నాటిది. దాని తరువాతిది 2027 నాటిది.

1928లో బుట్టుటయే దీనికి దురదృష్టము. మఱుసటియేట నార్థికమాంద్య మారంభమయ్యెను, ధాన్యపుధరలు పడిపోయినవి. అదేకాలమున మోటారుబస్సులు పల్లెదారులకు వచ్చినవి. రైలు స్టేషనుననే నిలుచును. బస్సు చేయెత్తినచోట నిలుచును. రైలు తనవేళకు గదలును. బస్సు నిండినపుడు గదలును. ఐదాఱుమైళ్లు పోవువానికి రెండవపద్ధతియే హితమైనది. దేశమంతట నిదేస్థితి యగుటచే 1932లో మిచెల్, కిర్క్‌నెస్ అను నిద్దఱధికారులు రోడ్డునకును రైలునకును గల పోటీని విచారింప నియమితులైరి. 1939లో మోటారువాహనముల చట్టము వచ్చెను. ఆ చట్టమువలన రైళ్లకు గలుగు మేలు కనబడులోపలనే యుద్ధము వచ్చెను.

అయినను బడవయు బస్సును గావు దీనికి నసలుశత్రువులు. మార్గము రేవుకడ నాగిపోవుటయే దాని మూలదోషము. కోటిపల్లి కావల గౌతమికిని వసిష్ఠకును నడుమనున్నది కోనసీమ. కొబ్బరితోటలకు, అరటితోటలకు బేరొందిన నేల. ఆ సీమ సరుకు కోటిపల్లిలో రైలెక్కవలెనన్న, బండిమీద రేవుచేరి, అచట దిగి పడవ యెక్కి, ఈవలి గట్టున దిగి, మరల బండియెక్కి, స్టేషనున దిగి, తుదకు రైలెక్కవలెను. ఎక్కించి దింపిన ప్రతిమాఱును గూలి, ప్రతిమాఱును గొంత నష్టము. ఒకమాఱు పడవనెక్కిన కాయ కాలువవెంట ముందుకు బోవ వీలుండగా, నడుమ దింపి రైలునకిచ్చు వర్తకుడెవ్వడు? ఎవరికొఱకు రైలు గోదావరివఱకు వచ్చెనో వారు గోదావరి కావలనే యుండిపోయిరి. వంతెనయొకటి కట్టి మార్గమును ముందునకు గొనిపోయియున్న దీని చరిత్రము వేఱుగా నుండెడిది. వంతెన కట్టనిచో నీ శాఖ రామచంద్రపురము తాలూకాకు మాత్రమే యుపయోగపడును. ఆ తాలూకాకు గాలువలు మునుపే కలవు.

1939 సెప్టెంబరులో యుద్ధ మారంభముకాగా బట్టాలకును, బండ్లకును, ఎంజిన్లకును గొఱత గలిగెను. ఇంగ్లండునుండి క్రొత్తవి వచ్చుట యటుండనిచ్చి, పశ్చిమాసియా యుద్ధరంగములకు నీ దేశమునుండియే పంపవలసి వచ్చెను. అందులకై దేశమునందు నిరువదికి మించిన శాఖామార్గములను బెఱికిరి. ఏ శాఖను బెఱుకవలెనను నిర్ణయమునకు గావలసిన ప్రశ్నలు రెండే: దీనివలన వచ్చునదెంత? ఇది లేకున్న జనులకు వేఱుదారి యున్నదా? రేవుకడ ముగియు శాఖ యీ రెంటికి నెట్టి యుత్తరము చెప్పగలదో యూహింపవచ్చును. పడవ లున్నవి, బస్సు లున్నవి. 1940లో గోటిపల్లి పట్టాలు పోయినవి.

యుద్ధము 1945లో ముగిసెను. పట్టాలు రాలేదు. 1951లో మద్రాసు–దక్షిణమహారాష్ట్ర రైల్వే దక్షిణ రైల్వేలో గలిసిపోయెను. 1966లో దక్షిణమధ్య రైల్వే యేర్పడి యీ ప్రాంతమును దనలో జేర్చుకొనెను. యజమానులు మాఱిరి కాని శాఖ లేవలేదు. ఇంతలో గాలువలమీద బడవలును దగ్గిపోయినవి. సరుకంతయు లారీల కెక్కెను. ఇందు గమనింపదగిన విషయమొకటి గలదు. పడవ యున్నదిగదా యని రైలును దీసివేయవచ్చునేని, పడవ పోయిననాడు రైలును దిరిగి యియ్యవలెనుగదా! అట్లు లెక్కచూచిన వారెవ్వరును లేరు. తీసివేయుటకు జూపిన కారణము తీఱిపోయినను, తీసివేత మాత్రము శాశ్వతముగా నిలిచిపోవుట ప్రభుత్వవ్యవహారములందు దఱచుగా జూచుచున్నాము. పట్టాలు పెఱుకుట కొలదినెలల పని. వానిని మరల వేయుటకు సర్వే, అంచనా, మంజూరు, బడ్జెటు, గుత్త, కట్ట, వంతెన, తనిఖీ — ఒక్కొక్క మెట్టునకు గొన్ని యేండ్లు.

పునరుద్ధరణప్రయత్నము జి. ఎం. సి. బాలయోగి పేరుతో ముడివడియున్నది. ఆయన యమలాపురపు ప్రతినిధి. 1998 మొదలు 2002 వఱకు లోక్‌సభకు సభాపతి. కాకినాడ–కోటిపల్లి శాఖను దిరిగి వేయుటయు, కోటిపల్లినుండి గౌతమిని దాటి కోనసీమమీదుగా నరసాపురమునకు 57 కిలోమీటర్ల క్రొత్తమార్గము వేయుటయు నొకే యాలోచనలోని రెండుభాగములు. రెండవది 2000–2001 బడ్జెటులో మంజూరయ్యెను. 1928 నాటి మూలదోషమును దిద్దుటకు నిదియే మొదటి ప్రయత్నము. 2002 మార్చి 3వ తేదీని హెలికాప్టరు ప్రమాదమున బాలయోగి మరణించెను. రైలు మరల గోటిపల్లి చేరుట యాయన చూడలేదు. యానాముకడ గౌతమిమీద గట్టిన రోడ్డువంతెన కాయన పేరు పెట్టిరి.

2004 తరువాత నీ శాఖమీద నడచినది రైలుబస్సు. దాని యంత్రము దానిలోనే యుండును గనుక, విడదీసి త్రిప్పవలసిన యెంజిను లేదు. తిరుగుడుబల్ల యక్కఱలేదు, నీటితొట్టి యక్కఱలేదు, బూడిదగుంట యక్కఱలేదు. శాఖమీద నొక్కటే బండి నడుచునపుడు ఎదురుబండి భయముండదు. కావున సిగ్నళ్లతో బనిలేదు. ఇట్టి శాఖలందు గొన్నిచోట్ల గేటుకడ గాపలావాడును నుండడు. బండి గేటుముందర నాగును. దానిలో వచ్చిన గేటుమనుష్యుడు దిగి గేటువేయును. బండి దాటినపిమ్మట గేటు తెఱచి మరల నెక్కును. దీనిని జూచి నవ్వువారు గలరు. కాని యీ యేర్పాటు లేనిచో దక్కువమంది ప్రయాణికులుగల శాఖమీద బండి నడుచుటయే కల్ల. వసతులలో రెండవజన్మపు స్టేషను మొదటిదానికన్న బీదది. వ్యయము తక్కువగుటచేతనే బ్రతికినది. 2020 మార్చిలో మహమ్మారి కారణమున దేశమునందలి ప్రయాణికుల బండ్లన్నియు నాగినపుడు దీనికిని దప్పలేదు. పిదప బెద్దమార్గములకు బండ్లు వచ్చినంత వేగముగా నిట్టి శాఖలకు రాలేదు.

నరసాపురపు మార్గము మాత్ర మింకను బూర్తికావలసియున్నది. దానికి మూడు పెద్దవంతెనలు గావలెను: గౌతమిమీద నొకటి, వైనతేయమీద నొకటి, వసిష్ఠమీద నొకటి. గౌతమిలో స్తంభములు లేచినవి. అవతలిప్రక్క నరసాపురమునను రైలు వసిష్ఠగట్టుననే ముగియుచున్నది, అదియు గొసస్టేషనే. ఈ రెండు కొసల నడుమనున్నది కోనసీమ. బండి గౌతమిని దాటిననాడు కోటిపల్లి నడిమిస్టేషనగును. అప్పుడు దానికి ఎదురుబండ్లను దప్పించుటకు బ్రక్కపట్టా, సిగ్నళ్లు, పొడవైన ప్లాటుఫారము, స్టేషనుమాస్టరు, అనగా 1940లో బోయినవానిలో జాలభాగము, మరల గావలెను. అంతవఱకు ముక్తేశ్వరము పోవువాడు రేవునకు నడచి, పంటు వచ్చువఱకు గట్టున నిలువవలసినదే.